మైకు కన్నా ముందు తరగతి

మా పెద్ద మేడమ్ పోయారని కాకినాడ నుంచి వాళ్ళమ్మాయి కబురు పెట్టింది. వెంటనే స్కూలు వాట్సాప్ గ్రూపు నిండా సంతాపాలు. ఎంతో ఓర్పు గల మనిషి అని అందరిదీ ఒకటే మాట. చదువుతుంటే నాకు చిరాకేసింది. ఆవిడకు ఓర్పు లేదు. లేదు గనకే ఒక పిల్ల గట్టెక్కింది.

ప్రపంచకప్పు కోసం దోహా అంతా తవ్విపోసిన రోజులవి. మేముండే ముఐథర్ నుంచి అల్ ఘర్రాఫాలోని స్కూలుకు ఇద్దరం నా కార్లోనే వెళ్ళేవాళ్ళం. మూసేసిన రోడ్లనూ, సిగ్నళ్ళనూ, నా డ్రైవింగునూ ఆవిడ దారి పొడవునా తిట్టేవారు. ఆవిడది ఇంగ్లీషు, నాది లెక్కలు.

స్టేడియం పనుల మీద వచ్చిన మెక్సికో, కొలంబియా ఇంజనీర్ల పిల్లలు అప్పుడే మా దగ్గర చేరారు. స్కూల్లో ఇంగ్లీషు తప్ప మరో భాష వినపడకూడదని నియమం. ఏడో తరగతిలో చేరిన ఒక కొలంబియా పిల్ల తన తమ్ముడితో స్పానిష్‌లో మాట్లాడిందని ఎండలో నిలబెట్టారు. దాంతో అసలు నోరు విప్పడమే మానేసింది. ఇంగ్లీషు రావడం లేదని తీసుకెళ్ళి ఐదో తరగతిలో కూర్చోబెట్టారు. నేనిచ్చిన లెక్కలన్నీ చేసే పిల్ల!

మేడమ్ ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఆయన టీ తెప్పించి, చూద్దాం అనేవారు.

"టీలు తాగి నాకు కడుపులో మంట వచ్చింది గానీ దాని క్లాసు మారలేదే అమ్మాయ్," అనేవారు మేడమ్. "ఇంగ్లీషు రాకపోతే బుర్ర లేనట్టేనా? నాకు స్పానిష్ రాదు, నన్ను ఎల్కేజీలో కూర్చోబెడతారా?"

ప్రపంచకప్పు దగ్గరపడ్డాక విదేశీ అతిథులు స్కూలు చూడ్డానికి వస్తున్నారన్నారు. స్పానిష్‌లో స్వాగతం చెప్పడానికి ప్రిన్సిపాల్‌కి ఆ పిల్లే గుర్తొచ్చింది. తయారుచేయమని మేడమ్‌కే పురమాయించారు. ఆవిడ ముందు ఆ పిల్లను పిలిచి, ఇష్టమేనా అని అడిగారు. తలూపింది. తర్వాత నావైపు తిరిగారు.

"నోరు మూయించినవాళ్ళే మైకు ఇస్తారట. ముందు దాని క్లాసు దానికి ఇమ్మందాం, పద."

ఉద్యోగం పోతే వీసా పోతుందని భయపడుతూనే వెంట వెళ్ళాను. ఆవిడ అదే మాట ఇంగ్లీషులో ప్రిన్సిపాల్ ముందు పెట్టి, టీ వద్దన్నారు. మర్నాడు ఆ పిల్ల ఏడో తరగతిలో ఉంది.

ఆ ఇంగ్లీషు నియమం ఇప్పటికీ మా స్కూలు గోడ మీదే ఉంది. దాన్ని తీసేయమని నేనూ ఇప్పుడు అడుగుతున్నాను. అడగడం ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను.

అతిథులు వచ్చిన రోజు ఆ పిల్ల ఎక్కడా ఆగకుండా స్వాగతం చెప్పింది. సభ అయ్యాక వరండాలో ఆ ఇంజనీర్ల పిల్లలందరూ స్పానిష్‌లో కేకలేసుకుంటూ పరిగెత్తారు. వెనకే మేడమ్, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, "మెల్లిగా నడవండర్రా, పడతారు," అని తెలుగులో కసురుతూ వెళ్ళారు. ఒక్కళ్ళూ ఆగలేదు.