ఫిడేలు లేని ఏడుపు

అందరూ కులాసాయేనా? మోకాళ్ళ నొప్పుల వాళ్ళు మెట్లెక్కడం తగ్గించారా? షుగరున్న వాళ్ళు మాత్రలు మానలేదు కదా? చంటిపిల్లలకి జలుబులు తగ్గాయా? ఇవన్నీ అడిగితే గానీ నాకు మాట పెగలదు. మా ఎదురింటి వదినగారు పోయారండీ. పోయిన సోమవారం కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే గోడకి ఒరిగిపోయారు.

వన్ టౌన్‌లో మా సందు ఎంత ఇరుకంటే, వాళ్ళింట్లో పోపు వేస్తే మా ఇంట్లో తుమ్ములు. మా టీవీ పాడైన దగ్గర్నుంచి సీరియళ్ళు వాళ్ళింట్లోనే చూసేదాన్ని. అసలే భయస్థురాలిని. సీరియల్లో పిల్ల తప్పిపోతే లేచి మా అమ్మాయికి ఫోన్ చేసేదాన్ని.

"ఎవరి పిల్లో తప్పిపోతే నీకు బీపీ ఏంటి వదినా?" అని ఆవిడ రిమోట్ తీసుకుని సౌండు తీసేసేవారు. "ఇప్పుడు చూడు."

చూస్తే ఏముంది? పట్టుచీర కట్టుకున్న మనిషి ఊరికే నోరు తెరుస్తోంది. ఆ మొహాన్నే తిప్పి తిప్పి చూపిస్తున్నారు.

దానికో కథ ఉంది. చిన్నప్పుడు బందరు దగ్గర వాళ్ళ పల్లెలో, డేరా హాల్లో సినిమా చూస్తున్నారట. తల్లి చచ్చిపోయే సీను. ఊరంతా ఏడుస్తుంటే సౌండు పోయిందట. తెరమీద పెదాలు ఆడుతున్నాయి, మాట లేదు. అంతసేపూ ముక్కులు చీదిన జనమే ఈలలు వేసి నవ్వారట. "అప్పుడు తెలిసిందొదినా, ఏడిపించింది ఆ తల్లి కాదు, ఫిడేలు" అనేవారు.

నవ్వు సంగతీ అంతే. ఒకరోజు మా సందులో పిల్లలు ఫోనులో సినిమా పెట్టారు. మొగుడు పెళ్ళాం చెంప పగలగొడితే 'టంయ్' మని శబ్దం. పిల్లలతో పాటు నేనూ నవ్వాను. ఆవిడ వెనక్కి జరిపించి, సౌండు లేకుండా మళ్ళీ పెట్టించారు. ఆ అమ్మాయి బుగ్గ పట్టుకుని నేల చూస్తోంది.

"ఏరా, నవ్వండి ఇప్పుడు" అన్నారు. ఎవరూ నవ్వలేదు.

అలాంటి మనిషి పోతే నాకు కన్నీళ్ళు రాలేదండీ. కుర్చీలూ మంచినీళ్ళూ చూసుకుంటూ తిరిగాను. నా గుండె రాయైపోయిందా అని ఒకటే బెంగ.

మొన్న పటమట నుంచి వాళ్ళమ్మాయి వచ్చింది. పెద్దకర్మ రోజు అక్కడి హాల్లో తెర మీద వేయడానికి ఫోటోలతో వీడియో చేయించిందట, ఫోనులో చూపించింది. మొదటి ఫోటో రాకముందే ఫిడేలు మొదలైంది. నాకు కన్నీళ్ళు బొటబొటా కారిపోయాయి.

"చూశారా అత్తయ్యగారూ, అందరూ ఇలాగే ఏడుస్తారు" అంది.

ఇంకా ఫోటో కూడా రాలేదే! మరి నేను ఏడ్చింది ఎవరికోసం?

"ఆ సంగీతం తీయించవే అమ్మా."

"ఉత్త ఫోటోలు వేస్తే జనం ఎవరి ఫోన్లు వాళ్ళు చూసుకుంటారండీ."

"చూసుకోనీ. మీ అమ్మ మాట్లాడింది ఏమీ లేదా?"

వెతికింది. కిందటి వేసవిలో డాబా మీద ఆవకాయ కలిపినప్పటిది దొరికింది. కాకుల అరుపులు, కింద ఆటోల హారన్లు. ఆవిడ చెయ్యి మోచేతిదాకా ఎర్రగా ఉంది. "ఆ ఫోను అవతల పెట్టి జాడీ పట్టుకోవే" అని కూతుర్ని కసిరి, పక్కనే ఉన్న నా వైపు తిరిగి, "వదినా, ఉప్పు చాలిందంటావా?" అని చెయ్యి చాచారు. అక్కడితో ఆగిపోయింది.

నాకు ముందు నోరూరింది. ఆ తరవాత వచ్చాయి కన్నీళ్ళు. చీర కొంగు చాలలేదు.

పిల్ల ఇంకోసారి పెట్టింది.

పెద్దకర్మ వచ్చే గురువారం. పొద్దున్నే పటమట వెళుతున్నాను. తెరమీద అదే వేస్తారు, ఉన్నదున్నట్టు. అంత పెద్ద తెరమీద ఆ ఎర్రటి చెయ్యి నా వైపు చాచి ఉంటుంది.