కేశవయ్య తెచ్చిన ఏడు ఫైళ్లు

అడిగినదానికి మించి ఆవగింజంత కూడా ఇవ్వకపోవడం వేంపల్లె పచారీకొట్టు కేశవయ్యకు వ్రతం. పెళ్లికి పసుపు అడిగితే పసుపే కడతాడు. ముహూర్తం వేళకు పెళ్లివారు రొప్పుకుంటూ వచ్చి, "కుంకుమ సంగతి గుర్తు చేయకూడదా శెట్టీ?" అంటే, "అడిగినారా?" అంటాడు. అడగని సరుకు అంటగడితే అంగడికి అరిష్టమని వాళ్ల తాత చెప్పాడట.

అలాంటి మనిషికి అరవయ్యో ఏట, కంప్యూటర్లను నడిపే ఉచిత సాఫ్ట్‌వేర్ లైనక్స్ పిచ్చి పట్టింది. ఏదో పత్రికతో ఊరికే వచ్చిన సీడీని కొట్లోని ముసలి కంప్యూటర్లో పెడితే, మూలుగుతూ పడివున్నది కాస్తా చెంగున లేచింది. ఇక ఊళ్లో మూలపడ్డ కంప్యూటర్ ఏదీ ఆయన చేతినుంచి తప్పించుకోలేదు.

2006లో లారీ డ్రైవర్ గోపన్న, ఒక ఆఫీసువాళ్లు పారేసిన కంప్యూటర్‌ను కూతురు తనూజ కోసం ఇంటికి తెచ్చాడు. ఎర్రగుంట్లలో ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఆఫీసులో ఉద్యోగం ఉంది, ఒకే ఒక్కటి. పది రోజుల్లో టైపింగు పరీక్ష. తనూజకు ప్రాక్టీసుకు ఇంకో దిక్కు లేదు. పరుగున పోయి కేశవయ్యను పిలుచుకొచ్చింది. ఆయన సీడీ వేయగానే తెర వెలిగింది! తనూజ ఎగిరి గంతేసింది. తీరా చూస్తే అందులో ఉత్తరం రాసే సాఫ్ట్‌వేర్ లేదు.

"కడపలో నెట్ సెంటర్ ఉండాది. పోయి తెస్తాలే పాపా."

మర్నాడు మొలతాడుకు తాళంచెవుల పక్కన పెన్‌డ్రైవ్ వేలాడేసుకొని వచ్చాడు. "నువ్వే ఎక్కించు. నేను ముట్టుకోను." తనూజ ఆయన చెప్పినట్టు కొట్టింది. ఫలానా ఫైలు లేనిదే కుదరదని కంప్యూటర్ మొరాయించింది.

"తాతా, ఇంకోటి కావాలంటాండాది!"

"అట్లనా? రేపు తెస్తా."

ఆ ఇంకోటి వచ్చి మరొకటి అడిగింది. అలక పాన్పు మీద అల్లుడికి కూడా అన్ని కోరికలుండవు. కేశవయ్య రోజూ తలకు తువ్వాలు చుట్టి బస్టాండుకు పోవడం, సాయంత్రం ఒక్క ఫైలుతో దిగడం.

నాలుగో రోజు తనూజకు ఏడుపొక్కటే తక్కువ. "ఆరు దినాలే ఉండాయి! అన్నీ ఒక్కసారే తేకూడదా తాతా?"

"అది అడిగిందా? అడగంది ఎట్ల తెచ్చేది?"

ఆ కోపంతో తెరమీది ఇంగ్లీషును తనే అక్షరమక్షరం చదివింది, కాగితం మీద రాసుకుంది. ఆరో రోజుకు ఆయన నోరు తెరవకముందే తనూజ వేళ్లు పరుగెత్తాయి. ఏడో ఫైలుకు తెల్లటి పేజీ తెరుచుకుంది!

"వచ్చె తాతా, వచ్చె!" అన్న కేకకు వీధంతా పోగయింది. గోపన్న కంప్యూటర్‌కు టెంకాయ కొట్టాడు.

పరీక్షకు నలభై మంది వచ్చారు. అందరూ తనకంటే వేగంగా కొట్టడం చూసి తనూజ ఉద్యోగం మీద ఆశ వదులుకుంది. చివర్న మేనేజర్ భూపేష్ అడిగాడు: "మా దగ్గర పాత కంప్యూటర్లు పన్నెండున్నాయి. పనికొచ్చేటట్లు ఎవరన్నా చేయగలరా?"

వేగంగా కొట్టినవాళ్లంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నేను చేస్తా సార్," అంది తనూజ.

"మధ్యలో మొరాయిస్తే?"

"ఏం కావాల్నో అదే చెప్తుంది సార్. చదివి, తెచ్చి పెడతా."

ఉద్యోగం ఆమెదే!

ఆ పన్నెండింటికి ఫైళ్ల కోసం తనూజ కడప నెట్ సెంటర్‌కు పోయింది. కేశవయ్య రోజూ వచ్చిన సంగతి ఆమె ఎత్తగానే, దాన్ని నడిపే లేవి అనే అతను ఆశ్చర్యపోయాడు. "కేశవయ్య మొదటిరోజే అన్నీ ఎక్కించుకొని పాయె కదమ్మా! మళ్లీ ఈ పక్కకే రాలేదు."

తనూజ తిన్నగా కేశవయ్య కొట్టుకు వచ్చి నిలదీసింది. "మిగతా ఆరు దినాలు యాడికి పోయినావు తాతా?"

కేశవయ్య బెల్లం పొట్లం కడుతూ తల వంచుకున్నాడు. "అన్నీ ఒక్కసారే ఇచ్చింటే నేనే ఎక్కించి పోయేవాణ్ణి. నీకేమొస్తుంది? ఊళ్లో ఉంటే నువ్వు పట్టేస్తావని గండి గుడికి పోయి ఆంజనేయస్వామికి నీ పేరున ఆకుపూజ చేయించినా."

"ఆరు దినాలూనా?"

"ఆ. స్వామికే విసుగొచ్చి ఉద్యోగం ఇచ్చినట్లుండాడు."