రత్నాబాయి వాటా

మే ఐదో తేదీ ఉదయం ఆరూ పదికి రత్నాబాయి ఉక్కు స్కేలును నీళ్ళలో నిలబెట్టి చూసింది. నాలుగంగుళాలు.

ముంబై వర్లిలో ఐదంతస్తుల పాత భవనం మిద్దె అది. చుట్టూ నడుమెత్తు పిట్టగోడ, మధ్యలో గోడ నుంచి గోడ దాకా నీళ్ళు. ఆ నీళ్ళలో తెల్లవారుజాము మబ్బులు, ఏనాడో ఆగిపోయిన మిల్లు పొగగొట్టం, దూరంగా కడుతున్న టవరు మీది క్రేను తలకిందులుగా కదులుతున్నాయి. రత్నాబాయి చీర కుచ్చిళ్ళు మోకాళ్ళ దాకా దోపుకుని మెల్లగా ఇవతలి మూల నుంచి అవతలి మూలకు నడిచింది. అడుగు పడినప్పుడల్లా పొగగొట్టం వణికి, మళ్ళీ నిలబడింది. పిట్టగోడ మీద వరసగా కూర్చున్న పావురాలు వంగి నీళ్ళు తాగుతున్నాయి. ఈ కాసేపు ఆమె ఎవరితోనూ మాట్లాడదు. పనివాళ్ళకు అది తెలుసు.

ఆ నీళ్ళు పరీక్ష కోసం నిలిపినవి. ముంబైలో మిద్దెలు కారకుండా ఇటుక ముక్కలు పరిచి, సందుల్లో సిమెంటు పోసి, పైన నున్నగా రుద్ది, దారంతో గళ్ళు వేస్తారు. దాన్ని కోబా అంటారు. కోబా అయ్యాక ఏడు రోజులు నీళ్ళు నిలపాలి. కింది గదుల కప్పులు పొడిగా ఉంటే పని నెగ్గినట్టు. ఈ హౌసింగ్ సొసైటీకి ఇలాంటి భవనాలు ఐదున్నాయి. మొదటిది నెగ్గితే మిగతా నాలుగూ రత్నాబాయివే అని సెక్రటరీ మాటిచ్చాడు. ఇరవై రెండేళ్ళలో ఆమెకు ఒకేచోట ఐదు మిద్దెలు ఎప్పుడూ దొరకలేదు. జూన్ రెండో వారానికి వానలు దిగుతాయి. ఆ ఉదయానికి నీళ్ళు నింపి ఐదో రోజు.

రత్నాబాయికి నలభై ఆరేళ్ళు. పుట్టింది కామాఠిపుర పదకొండో గల్లీలో, వరసగదుల చాల్ పై అంతస్తులో, పది అడుగుల గదిలో. వానాకాలం ఆ గదిలో మనుషులకంటే గిన్నెలకే ఎక్కువ చోటు. ఇత్తడి చెంబులో పడే చుక్కది ఒక చప్పుడు, అల్యూమినియం గిన్నెలో పడేది మరొకటి. కళ్ళు మూసుకునే ఏ గిన్నె నిండిందో చెప్పేది. చెమ్మ మరకలే ఆమెకు బొమ్మల పుస్తకం. ఇది కోయిల్‌కొండ, ఇది సముద్రం, ఇది మనం ఎక్కివచ్చిన రైలు అని తాత భూమయ్య కర్రతో కప్పు చూపించేవాడు. పాలమూరు నుంచి వచ్చి రాతి పని చేసిన మనిషి ఆయన. ఏటేటా వానకు కోయిల్‌కొండ కాస్త పెద్దదయ్యేది, సముద్రం గోడ మీదికి దిగేది. ఇప్పటికీ రత్నాబాయి ఎవరింటికి వెళ్ళినా ముందు కప్పు చూసి, తర్వాత మనుషుల్ని చూస్తుంది.

పందొమ్మిదో ఏట ఒక కాంట్రాక్టరు దగ్గర సిమెంటు తట్ట మోయడానికి చేరింది. మోస్తూనే చూసింది. ఆయన చేసిన మిద్దెలు మూడో ఏడు కారేవి. ఇటుక ముక్కల్ని చాలినంత నానబెట్టేవాడు కాదు. దాహంతో ఉన్న ఇటుక సిమెంటులోని నీళ్ళు తాగేస్తుంది, సిమెంటు పొడిబారి విచ్చుతుంది. ఇరవై నాలుగో ఏట తన చాల్ మిద్దెను తానే చేసింది, ఇటుకల్ని రెండు రోజులు నానబెట్టి. ఆ ఏడు వానలో వాళ్ళమ్మ గిన్నెల కోసం లేచి, చప్పుడు లేకపోయేసరికి భయపడి అందర్నీ నిద్రలేపింది. వాన ఆగిందనుకుంది. వాన ఆగలేదు. ఆ నిశ్శబ్దం గురించి పై గల్లీకీ కింది గల్లీకీ తెలిసింది. అలా రెండో మిద్దె, పదో మిద్దె. ఫాక్‌లాండ్ రోడ్డు పక్క సందులో సగం షట్టరు గది ఆఫీసయింది. తల్లిని మరాఠీలో ఆయీ అని పిలిచే కూతురు మనాలి కొలతలు, ఫొటోలు, కొటేషన్లు చూస్తుంది.

నాకాలో, అంటే కూలీలు పని కోసం నిలబడే కూడలిలో, ఏడేళ్ళ కిందట రత్నాబాయికి నర్సింహులు దొరికాడు. కోయిల్‌కొండ దగ్గరి వాడు. ఆ ఊరి పేరు వినగానే ఆమెకు కప్పు గుర్తొచ్చింది. ఇప్పుడతను మేస్త్రీ. అతనూ, భార్య చంద్రమ్మా కలిపి ముఠాలో పద్నాలుగు మంది. వాళ్ళకు రత్నాబాయి పెట్టిన నియమం ఒకటే. మిద్దెను పాళ్ళుగా పంచుతుంది. ఎవరు చేసింది కారితే వాళ్ళే దాన్ని తమ చేత్తో పగలగొట్టి, మళ్ళీ చెయ్యాలి. నేలా పిట్టగోడా కలిసే చోట నీళ్ళు నిలవకుండా గుండ్రంగా తిప్పే అంచును ముంబై మేస్త్రీలు వాటా అంటారు. మిద్దెలో కారితే ముందు కారేది అక్కడే. కొత్తలో నర్సింహులు నవ్వాడు.

"మా దిక్కు వాటా అంటే పాలు అక్కా. అన్నదమ్ములు కొట్లాడుకునేది."

"ఈడ గూడ గంతే తమ్మీ. ఎవని వాటా వాడు చూస్కోవాలె."

అప్పటి నుంచి ఆ మాటకు రెండర్థాలూ కలిసిపోయాయి.

మే ఒకటి సెలవు కాబట్టి భవనంలో వాళ్ళంతా మిద్దెక్కి నీళ్ళు నింపడం చూశారు. ముందుగా పూజ. తూర్పు మూల వాటా మీద రత్నాబాయి పసుపు రాసి, కుంకుమ దండిగా పెట్టింది. కొబ్బరికాయ చేసిన పని మీదనే పగలాలని భూమయ్య చెప్పేవాడు. వేరేచోట కొడితే పనికి అందదని ఆ ఇంటి నమ్మకం. ఆమె కాయ ఎత్తింది.

"అక్కా, వాటా మూడు దినాలదే. పచ్చిగున్నది. జర మెల్లగ," అన్నాడు నర్సింహులు.

"మెల్లగ కొడితే కాయ పగుల్తదా, అలుగుతది," అంది రత్నాబాయి. అంతా నవ్వారు. ఒక్క దెబ్బకు కాయ రెండు చెక్కలైంది. తర్వాత పైపు విప్పారు. నీళ్ళు గళ్ళు గళ్ళుగా పాకుతూ వెళ్ళి, సాయంత్రానికి మిద్దె మీద ఆకాశం వచ్చి పడుకుంది.

ఐదో రోజు ఉదయం ఆమె స్కేలు తుడుచుకుంటుండగా మెట్ల దగ్గర రుతుజ కనబడింది. సరిగ్గా ఆ మిద్దె కింది ఇంట్లో ఉండే మరాఠీ ఆవిడ. "తాయీ, జరా ఖాలీ యేతా కా?" అంది, ఒకసారి కిందికి వస్తారా అని.

తూర్పు గదిలో వెలుతురు ఇంకా రాలేదు. కప్పు మూల గాజంత మరక, నీడలో బూడిదరంగుగా కనిపించింది. రత్నాబాయి దాన్ని చాలాసేపు చూసింది. తిరిగి పైకి వచ్చింది.

"నర్సింహులూ, తూర్పు మూల ఎవరి వాటా?"

"నాదే అక్కా."

"మల్ల? ఇటుకలు నానబెట్టినవా, పెండ్లిచూపుల పిల్లను చూపెట్టినట్టు ఊకె నీళ్ళు చూపెట్టి తీసినవా?"

ఇద్దరు ముగ్గురు కిసుక్కున నవ్వారు. నర్సింహులు నవ్వలేదు. మడిచిన ప్యాంటు కాళ్ళు కిందికి దించుకున్నాడు.

"వొదినా, రెండు దినాలు నానినయ్. నేనే పోసిన నీళ్ళు," అంది చంద్రమ్మ.

"నువ్వుండే," అన్నాడు భార్యతో. తర్వాత రత్నాబాయి వైపు చూడకుండా, "ఠాణేల ఒక సేఠ్ పిలుస్తుండు అక్కా, అందర్ని తీస్కొని రమ్మని. ఇన్ని దినాలు రానంటి. నా వాటా నేను పగలగొట్టి, సక్కగ చేసిచ్చి పోతం. రూల్ రూలే," అన్నాడు.

పద్నాలుగు మంది పోతే మిగిలేది ఆమె, మనాలి, సగం షట్టరు. నీళ్ళలో క్రేను మెల్లగా తిరుగుతోంది.

పదకొండు గంటలకు మనాలిని తీసుకుని మళ్ళీ రుతుజ ఇంటికి వెళ్ళింది, సెక్రటరీకి పంపడానికి ఫొటోలు కావాలని. అప్పటికి కిటికీలోంచి వచ్చిన ఎండ నేల మీద పడి, నేల మీది నుంచి కప్పుకు ఎగసింది. మరకను తుడవొద్దని అత్తగారు పట్టుబట్టారని రుతుజ ఇబ్బందిగా చెప్పింది. దేవి వచ్చిందని ఆవిడ నమ్మకం. మరక కింద స్టూలు వేసి, దాని మీద అప్పటికే ఒక అగరొత్తి వెలిగించి ఉంది.

మనాలి ఫోన్ ఎత్తి చూసి ఆగింది. "ఆయీ, ఇది ఎర్రగ ఉంది కదా."

రత్నాబాయి అగరొత్తి పక్కకు పెట్టి, స్టూలెక్కి వేలితో అద్దింది. వేలు లేత ఎరుపు. బజారు కుంకుమ, తడిస్తే రంగు దిగుతుంది. మిద్దె మొత్తమ్మీద అది ఉన్నది ఒక్కచోటే. భూమయ్య చేసింది రాతి పని. రాయికి కొబ్బరికాయ ఒక లెక్క కాదు. మూడు రోజుల సిమెంటు మీద ఆయన మాట నమ్మి ఆమె కాయను బలమంతా పెట్టి కొట్టింది.

స్టూలు మీదే నిలబడింది. మరక అంచు ఒకవైపు సాగి ఉంది, కొండలాగా. దాని పక్కన సున్నం పగుళ్ళు రైలుపట్టాల్లాగా పోతున్నాయి. కిటికీ పరదా ఊగినప్పుడల్లా ఎండ వెలుతురు కప్పంతా అలలు అలలుగా కదిలింది. చెంబులో చుక్క పడిన చప్పుడు ఎక్కడినుంచో వినబడినట్టయి చెవి ఒగ్గింది. గదిలో గిన్నెలేమీ లేవు.

"ఆయీ, కుణాలా కళ్ణార్?" అంది మనాలి మెల్లగా. "పైపు జాయింట్ అని చెప్దాం. నర్సింహులు మామ ఎట్లాగో పగలగొడ్తుండు కదా."

ఎవరికి తెలుస్తుందని అడిగింది కూతురు. నిజమే, ఎవరికీ తెలియదు. నర్సింహులు ఆ మూల పగలగొట్టి, మళ్ళీ చేసి, ఠాణే వెళ్ళిపోతాడు. కంపెనీ పేరుకు మచ్చ రాదు. సెక్రటరీ పైపును తిట్టుకుంటాడు. రత్నాబాయి స్టూలు దిగి, వేలు కొంగుకు తుడుచుకోబోయి, తుడవకుండానే పైకి వెళ్ళింది.

నర్సింహులు నీళ్ళలో గొంతుకూర్చుని, డ్రైనేజీ గొట్టం నోట్లో కుక్కిన గోనెగుడ్డ లాగబోతున్నాడు. సుత్తి, ఉలి పిట్టగోడ మీద ఉన్నాయి.

"ఆగు తమ్మీ. పగిలింది నీ వాటా కాదు."

"నాదే అక్కా. నేనే చేసిన."

"నువ్వు చేసినవ్. నేను పలగ్గొట్టిన, కాయతోని." వేలు చూపించింది. "కుంకుమ దిగింది కిందికి."

అతను వేలునూ, మూలనూ చూశాడు.

"నువ్వు ఆ దినమే అంటివి, పచ్చిగున్నదని."

"అన్న."

"మల్ల పొద్దుగాల నేను తిడ్తుంటె ఎందుకు చెప్పలే?"

"అందరి ముందల నిన్నేమంట అక్కా," అన్నాడు నర్సింహులు. గోనెగుడ్డ వదిలేసి, "నువ్వంటె నన్నన్నవ్ గాని," అన్నాడు.

రత్నాబాయి మిగతా వాళ్ళందరినీ పిలిచింది. వాళ్ళు నీళ్ళలో అడుగులేసుకుంటూ వచ్చి నిలబడ్డారు. పదమూడు మంది నీడలు మబ్బుల మధ్య వంకరటింకరగా ఊగాయి.

"పొద్దుగాల అందరి ముందల అన్న. ఇప్పుడు గూడ అందరి ముందలనే చెప్తున్న. నర్సింహులు పని సాఫ్ ఉన్నది. తప్పు నాది. ఈ వాటా నాది, నేనే పలగ్గొట్టి మల్ల చేస్త."

గోనెగుడ్డ లాగారు. నీళ్ళు గొట్టంలో ఐదంతస్తులూ దిగుతున్న చప్పుడు గోడల్లో వినబడింది. మబ్బులు సన్నబడి, పొగగొట్టం కురచైపోయి, చివరికి తడి గళ్ళు మిగిలాయి. రత్నాబాయి తూర్పు మూలలో కూర్చుని ఉలి ఆనించింది. ఇరవై ఏళ్ళుగా మనుషులతో చేయిస్తున్న పని. మొదటి దెబ్బ జారింది.

"అక్కా, తొక్కు నూరుతున్నవా? ఉలి జర వంచు," అన్నాడు నర్సింహులు.

వంచింది. అడుగున్నర పొడవు తీసేసరికి వెంట్రుకంత పగులు, లోపలిదాకా ఎర్రగా బయటపడింది.

"వొదినా, ఇటుకలు నేను నానబెడ్త," అంది చంద్రమ్మ. "పెండ్లిచూపులు గాదు, కాపురమే చేపిస్త నీళ్ళతోని."

అందరికంటే ముందు నర్సింహులే నవ్వాడు.

సాయంత్రం నాలుగింటికి రత్నాబాయి సెక్రటరీ ఇంటికి వెళ్ళి, జరిగింది జరిగినట్టు చెప్పింది. కొబ్బరికాయ సంగతి ఆయన రెండుసార్లు చెప్పించుకున్నాడు. పైపు అని చెప్పినా నమ్మేవాడినన్నాడు. తర్వాత క్యాలెండరు చూశాడు. మళ్ళీ నీళ్ళు నింపి, ఏడు రోజులు గడిచేసరికి మే పదహారు. వానలకు ముందు నాలుగు భవనాలు ఆమె ఒక్కతే చేయడం కుదరదు. రెండు వేరే కాంట్రాక్టరుకు ఇస్తానన్నాడు. పరీక్ష నెగ్గితే రెండు ఆమెవి.

మే తొమ్మిది ఉదయం వాటా మూడు రోజులదే. అందుకని కాయను ఐదంతస్తుల కింద, గేటు పక్క రాయి మీద కొట్టారు. కొట్టింది నర్సింహులు. చెక్కల్ని చంద్రమ్మ మెట్లన్నీ ఎక్కి మోసుకెళ్ళి మిద్దె మీద అందరికీ ముక్కలు పంచింది. ఠాణే మాట ఎవరూ ఎత్తలేదు. పైపు విప్పారు. మధ్యాహ్నానికి మొదట మబ్బులు వచ్చాయి, తర్వాత పొగగొట్టం, తర్వాత క్రేను.

సాయంత్రం ఆరింటికి రత్నాబాయి స్కేలు నిలబెట్టింది. నాలుగంగుళాలు. పనివాళ్ళను లెక్కపెట్టింది. పద్నాలుగు మంది.