రాజలింగు కాక గొంతు

ఏడేండ్ల సంది ఒక మాట మోస్తున్న. ఒక్క మాటకు బరువేంది అంటరేమో. మొదట్ల నాకు గూడ గట్లనే అనిపించింది. రెండు దినాలు గమ్మునుంటె అందరు మర్సిపోతరు, నేను గూడ మర్సిపోత అనుకున్న. వాళ్ళు మర్సిపోలే. నేను మర్సిపోలే. ఇప్పుడైతె అది నొస్తలేదు గూడ. తిమ్మిరెక్కిన కాలు ఉంటది సూడుర్రి, ఉన్నది మనదే గాని మనది కానట్టు. గట్లున్నది.

మీరెవరో నాకు తెల్వదు. నేనెవరో మీకు చెప్ప. ఊరు గోదావరిఖని, అంతవరకే. పేర్లు మార్చిన. తొమ్మిదో తరగతిల బడి బందయింది, తప్పులుంటె మీరే సర్దుకొని చదువుర్రి. బడి ఎందుకు బందయిందంటె, హెడ్మాస్టరు గొంతుతోని మైకుల సెలవని చెప్పిన. పిల్లలంత ఇండ్లకు వోయిండ్రు. తెల్లారి నన్ను గూడ పొమ్మన్నరు, మల్ల రావద్దన్నరు. ఈ ముచ్చట చెప్పి శానమందిని నవ్విచ్చిన. ఇప్పుడు రాస్తుంటె నాకైతె నవ్వొస్తలేదు.

నా బువ్వ గొంతు మీదనే. ఆటోకు మైకు కట్టుకొని గల్లీ గల్లీ తిరుగుత. బట్టల దుకాణం డిస్కౌంటు, కొత్త బిర్యానీ హోటలు, తప్పిపోయిన బర్రె, ఏదైన నేనే చెప్పాలె. ఎవ్వల గొంతైన ఒక్కసారి వింటె దించుత. మంచిగ దించుత. గదే నా కర్మ.

సతీష్ మా లైన్లనే, మా పక్క క్వార్టరోడు. రాజలింగు కాక కొడుకు. చిన్నప్పటి సంది నా జోడీ. ఇంకొక దోస్తు వంశీ. వాళ్ళ నాయిన ఆఫీసరు, గుడివాడ దిక్కు నుంచి వచ్చిన కుటుంబం. వంశీ కొత్త గేమ్ డబ్బా కొనుక్కొని పాతది సతీష్‌కు ఉత్తగనే ఇచ్చిండు. అది టీవీకి తగిలిచ్చి నెట్టు కలిపితె ఇగ దునియా అంత ఇంట్లనే. వాడు ఆఫీసర్ల క్వార్టర్ల, మేము కార్మికుల క్వార్టర్ల, నస్పూర్ నుంచి ఇద్దరు, బెల్లంపల్లి నుంచి ఒకడు. నెత్తికి హెడ్‌సెట్టు పెట్టుకుంటె అందరు ఒక్క అరుగు మీద కూసున్నట్టే. మాట ఎవ్వల డబ్బా నుంచి వస్తె వాళ్ళ పేరు తెర మీద ఎలుగుతది. మొదట్ల ఆట గురించి మాట్లాడేటోళ్ళం. తర్వాత ఆట పేరుకే, అంత ముచ్చట్లే. నిజం చెప్తె ఆటల అందరికంటె ముందు సచ్చేటోడు నేనే. సచ్చినంక కూసోని కామెంట్రీ చెప్పేటోన్ని. నన్ను పిలిచేదే అందుకు.

రాజలింగు కాక బతుకంత బాయిల డ్రిల్లు కొట్టిండు. బొగ్గు బాయిల ఆ మోత చెవులల్ల వడీ వడీ, ఆఖరికి చెవులు వోయినయి. ఆయన భార్య, మా చిన్నమ్మ, ఆయన్ని పిలుసుడు మానేసి భుజం తట్టుడు మొదలువెట్టింది. కాక మాట్లాడితె నాలుగిండ్లకు వినవడేది. ఆయనకు ఆయన గొంతు వినవడకపాయె మరి.

మా తాన ఒకటున్నది. బాయి పని చేసేటోనికి ఒంట్ల బాగలేకుంటె మెడికల్ బోర్డుకు పెట్టుకుంటడు. అన్‌ఫిట్ అని రాస్తె ఆయన ఇంటికి, కొడుకు నౌకరికి. అందుకే బోర్డుకు పోయే ప్రతి మనిషి మీద ఊరోళ్ళకు ఒక నవ్వుంటది. నడుం నొప్పి అంటె "నిన్న పెండ్లిల మంచిగనే ఎగిరినవ్ గద బావా" అంటరు. కండ్లు కనవడ్తలేవంటె "పేకల రాజు మంచిగనే కనవడ్డడు గద" అంటరు. నిజంగ రోగమున్నోడు, లేనోడు, అందరి మీద ఒక్కటే నవ్వు. ఆ నవ్వుల పుట్టి పెరిగిన నేను. కాక బోర్డుకు పెట్టుకున్నడని తెలిసినప్పుడు గూడ నాకు ఫస్టు నవ్వే వచ్చింది. ఆయన చెవుడు నిజమని నాకంటె ఎవరికెర్క? అయినా నవ్వొచ్చింది.

ఆ దినం పగలు. కాక నైట్ షిఫ్టు చేసి వచ్చి లోపలి అర్రల పండుకున్నడు. నేను, సతీష్ ముందటర్రల ఆడుతున్నం. టీవీల తుపాకుల మోతకు పక్కింటి కుక్క లేసి మొరిగింది. కాక లేవలే. సతీష్ చాయకు పాల పాకిటు తెస్తనని హెడ్‌సెట్టు నా చేతిల పెట్టి పోయిండు. చిన్నమ్మ కూరగాయల అంగడికి పోయింది.

గప్పుడే వంశీ మెల్లగ, గుసగుస పెట్టినట్టు అడిగిండు, "సతీష్‌గా, బాబాయ్ గారి బోర్డు ఎప్పుడురా?"

నేను గొంతు మార్చిన, అంతకుముందు ఎన్నడు ఎవ్వల ముంగట దించని గొంతు. కాక గొంతు. గీర గీర, ఎత్తు, మాట మాటకు మధ్యల దగ్గు.

"ఎవడ్రా గుసగుసలు వెట్టేది? నాకంత వినవడ్తది పోరగా. డాక్టరు అడిగినప్పుడే వినవడది."

నస్పూర్ పోరలు పక్కున నవ్విండ్రు. వంశీ "అయ్యో బాబాయ్ గారూ, సారీ అండీ" అనుకుంట నవ్విండు. వాడు నమ్మిండు. అందరు నమ్మిండ్రు. తెర మీద సతీష్ పేరు ఎలుగుతున్నది, సతీష్ ఇంటి మైకు, సతీష్ నాయిన గొంతు. నమ్మకుంట ఎట్లుంటరు?

గక్కడ ఆగితె అది నవ్వులాటనే. చేతిల రిమోటుకు ఒక బటనుంటది, ఒత్తితె అప్పటిదాకా ఆడిన ఆట మాటలతో సహా రికార్డయి ఉంటది. నేను ఒత్తిన. ఫోన్ల మా ఆట గ్రూపుల పెట్టిన. అప్పుడు చెప్పాలె, అది నేనని. రేపు చెప్తె ఇంకా మజా వస్తదని చెప్పలే. సతీష్ పాలు తెచ్చిండు. చాయ తాగిన. ఇంటికి పోయిన.

తెల్లారేసరికి ఆ వీడియో అన్ని లైన్ల ఫోన్లల్ల తిరుగుతున్నది. ఇంకొకటి చెప్పాలె, సిగ్గు ఇడిసి చెప్తున్న. నాకు గర్వమైంది. చాయ హోటల్ల నలుగురు ఆ ఫోన్ మీద వడి నవ్వుతుంటె, ఒక్కడన్నా ఇది రాజలింగు గొంతు కాదు అనలేదు సూడు, అప్పుడు నా ఎద ఉబ్బింది. ఆయనతోని జోడీ డ్యూటీ చేసినోళ్ళు గూడ గుర్తువట్టలే. ఇంత మంచిగ చేసిన్నా అనుకున్న. ఆ దినం నా పనితనం తప్ప ఇంకేం కనవడలే నాకు.

ఎవడో దాన్ని ఆఫీసుల ఇచ్చిండు. ఎవడో నాకు ఇప్పటికీ తెల్వదు. ఫిర్యాదొచ్చింది గనుక ఎంక్వైరీ అయ్యేదాకా కాక బోర్డు కాయితం ఆపిండ్రు. ఆ సంగతి తెలిసిన పొద్దు నేను వాళ్ళింటికి ఉరికిన. చెప్తనే పోయిన. మీరు నమ్ముర్రి, నమ్మకపోండ్రి, నాలిక మీద మాట పెట్టుకొనే పోయిన.

సతీష్ కాక ముంగట నిలవడి ఫోన్ పట్టిండు. వాని మొకం ఎర్రగున్నది. వాడు పాలకు పోయినప్పుడు కాక లేసి హెడ్‌సెట్టు అందుకున్నడనే వాడనుకున్నడు. వీడియో పెట్టి ఫోన్ కాక చెవికి ఆనిచ్చిండు. కాక కొంచెం సేపు పెట్టుకున్నడు. మల్ల ఇంకో చెవికి మార్చుకున్నడు. తర్వాత ఫోన్ ముంగటికి తెచ్చి తెర దిక్కు సూసిండు.

"ఏందిరా ఇది? పాటనా? ఏం వినవడ్తలేదు."

"నాయినా," సతీష్ అన్నడు, "ఇగ నా ముంగట గూడ వద్దే."

"ఆఁ?"

"నా ముంగట గూడ యాక్టింగ్ వద్దంటున్న!"

కాకకు వాని పెదవులు ఆడుడు తప్ప ఏం తెల్వలే. చిన్నమ్మను సూసిండు. ఆమె తల వంచుకున్నది. నన్ను సూసిండు. నవ్విండు గూడ, పాపం, నేనొస్తె నవ్వే వస్తది గద అందరికి.

"నువ్వన్నా చెప్పురా. ఏమైంది? గట్టిగ చెప్పు."

ఊరంతటికి మైకుల చెప్పేటోన్ని. ఆయన చెవు కాడికి వంగి ఒర్రితె వినవడేది. చెయ్యితోని నన్ను నేను సూపిచ్చుకున్నా అర్థమయ్యేది.

"ఏం లేదు కాకా," అన్న. "ఆట. ఆటల ముచ్చట."

అది గూడ ఆయనకు వినవడలే. తల ఊపిండు, వినవడినట్టు.

ఎందుకు చెప్పలే? ఎన్నిసార్లు అడుక్కున్ననో. సతీష్ కొడ్తడని భయమా? మొదట గదే. తర్వాత ఆఫీసోళ్ళు నా మీద కేసు పెడ్తరని. ఆ తర్వాత, ఇన్ని దినాలు ఎందుకు చెప్పలే అని అడిగితె ఏం చెప్పాలె అని. ఒక్కొక్క దినం పోయినా కొద్ది, చేసిన తప్పు కంటె చెప్పని తప్పు పెద్దగైంది. అంత సోయి ఉండి గూడ నోరు తెరవలేదంటె భయం ఒక్కటే కాదు. నన్ను సూసి నవ్వేటోళ్ళు నవ్వుడు ఆపుతరని. గంతే కావచ్చు. ఇంత చిన్నదానికేనా? గింత చిన్నదానికే.

కాక కాయితం మల్ల కదిలేసరికి రిటైర్మెంటు దగ్గరవడ్డది. అట్ల దగ్గరవడితె ఇగ కొడుక్కు నౌకరి ఇయ్యరు, అది రూలు. సతీష్ ఓపెన్ కాస్టు గనిల కాంట్రాక్టు కింద డ్రైవరుగ చేరిండు, ఇప్పటికీ గదే. కాక ఆ చెవులతోనే ఆఖరిదాకా బాయి దిగిండు. కింద గంట కొడ్తె వినవడాలె, పైకప్పు చప్పుడు చేస్తె వినవడాలె. ఆయనకు ఏం కాలే. ఏం కాలేదు అనే మాట పట్టుకొని నేను కొన్నేండ్లు నిద్రవోయిన.

బాయిల ఆయన పేరు మారింది. యాక్టర్. డ్యూటీకి పోతుంటె ఎనుక నుంచి ఇనుప పానా కింద పడేసేటోళ్ళు, తిరిగి సూస్తడా అని. తిరిగి సూడకపోయేది. "ఏం కంట్రోలురా యాక్టర్ కాకది!" అని చప్పట్లు కొట్టేటోళ్ళు. ఈ సంగతి నాకు నవ్వుకుంట చెప్పిండ్రు. నేను గూడ నవ్విన.

వంశీ సంగతి గూడ రాయాలె, ఇడిసిపెడ్తె సగం దాసినట్టు. ఆఫీసరు కొడుకు కాబట్టి వాడే ఇచ్చిండని సతీష్ అనుకున్నడు. నన్ను అడిగిండు, "వాడేనంటవా?" అని. నేను కాదనలే. "ఏమోరా, ఎవల్ని నమ్మేటట్టు లేదు" అన్న. సతీష్ ఆ గేమ్ డబ్బా తీస్కపోయి వంశీ వాళ్ళ గేటు లోపల పెట్టి వచ్చిండు. వంశీ రెండుసార్లు ఫోన్ చేసిండు, సతీష్ ఎత్తలే. నాకు చేసి "నేనేం చేశాన్రా?" అన్నడు. తర్వాత వాళ్ళ నాయినకు ట్రాన్స్‌ఫరయింది.

పోయినేడు కాక సచ్చిపోయిండు. ఒంట్ల బాగలేకనే, దవాఖానల. మొన్న సంవత్సరీకానికి పోయిన. తిన్నంక సతీష్ నన్ను పక్కన కూసోవెట్టుకొని ఫోన్ తీసిండు.

"నాయిన గొంతు నా తాన ఇదొక్కటే ఉన్నదిరా," అన్నడు. పెండ్లి వీడియోలల్ల అంత పాటలేనట, కాక మాట ఒక్కటి లేదట.

పెట్టిండు. తుపాకులు, నవ్వులు, మధ్యల నేను. వాడు కండ్లు మూసుకొని విన్నడు. మల్లొకసారి పెట్టిండు. "నా నౌకరి కోసం ఎంత యాక్టింగ్ చేసిండురా పాపం. నేనేమో మస్తు తిట్టిన," అన్నడు. కోపం పోయింది వానికి. మాఫ్ చేసిండు. చెయ్యని తప్పును మాఫ్ చేసిండు.

అది మొదలుకాంగనే చిన్నమ్మ తిన్న ఇస్తార్లు ఎత్తుకొని ఎనకకు వోయింది. ఎప్పుడు పెట్టినా ఆమె గట్లనే లేసిపోతదని సతీష్ అన్నడు, బాధ కాబట్టి వినదట. బాధనేనా? అన్నేండ్లు ఆయనతోని కాపురం చేసిన మనిషి. ఆమెకు తెల్సా? తెలిస్తె నాకెందుకు అన్నం పెట్టింది? అడగలే.

ఇప్పుడు చెప్తె వానికి నాయిన మంచితనం దొరుకుతది, నాయిన గొంతు పోతది. చెప్పకుంటె కాక సచ్చినంక గూడ యాక్టరే. ఇది వాని మీద దయనా? నా పిరికితనానికి కొత్త అంగీ తొడుగుతున్ననా? నాకు తెలుస్తలేదు. ఏడుపు గూడ వస్తలేదు. రావాలె అనుకొని కూసున్న, రాలే.

అందుకే మీకు చెప్తున్న. రాజలింగు కాకకు నిజంగనే వినవడకపోయేది. ఆయన డాక్టర్ని మోసం చెయ్యలే, కంపెనీని చెయ్యలే, కొడుకును చెయ్యలే. వంశీ ఎవ్వలికి ఏం ఇయ్యలే, ఇచ్చిండని నాకైతె ఒక్క ఆధారం లేదు. పేర్లు మార్చినా సతీష్ చదివితె గుర్తువడ్తడు. చదవాలనే రాసిన. చదవొద్దని గూడ ఉన్నది. రెండూ నిజమే.

మాఫీ అడుగుతలేను. అడగాల్సిన మనిషి లేడు, ఉన్నోళ్ళను ఏ మొకంతోని అడగాలె.

ఇయ్యాల ఆటో తియ్యలే. పొద్దుగాల సంది ఇదే రాస్తున్న. రాసుడైనంక, ఇంట్ల ఎవ్వరు లేంది సూసి, పైకి ఒక్కసారి అన్న. ఎవ్వల గొంతు దించకుంట, నా గొంతుతోని.

"గా మాటలన్నది నేను."

బయట ఎవరో బండి స్టార్ట్ చేస్తున్నరు. ఏం కాలే. కొంచెం ఊపిరి ఆడింది, గంతే.