సోలార్ ఇంటికి తాడ్‌పత్రి

మిట్టమధ్యాహ్నం, కళ్లు తెరవలేనంత ఎండలో, సోలార్‌తో నడిచే ఇంట్లో కరెంటు లేకుండా చేసిన ఘనత నాది. ఇది ఎవరికి పడితే వారికి చేతనయ్యే పని కాదు. దీనికి బొంబాయి కామాటిపురాలో పుట్టాలి, అక్కడి ఇరుకు గదుల చాల్‌లో పాతిక వానాకాలాలు తడవాలి, పైగా కరెంటు సంగతులన్నీ తనకే తెలుసునన్న పొగరు ఉండాలి. ఆ వయసులో నాకు మూడింటికీ లోటు లేదు.

పొగరు సంగతి ముందు చెబుతాను. అప్పట్లో నేను గ్రాంట్ రోడ్ దగ్గర ఒక లైట్ల దుకాణంలో సేల్స్‌మన్‌ని. కొనేవాళ్లకు బల్బు వెలిగించి చూపించడమే నా ఉద్యోగం. కాని చాల్‌లో ఎవరింట్లో ఫ్యాను ఆగినా నన్నే పిలిచేవారు. నేను వెళ్లి, స్విచ్చి రెండుసార్లు నొక్కి, డాక్టరులా తల పంకించి, "కండెన్సర్ పోయింది" అనేవాణ్ని. చాలాసార్లు నిజంగానే అదే పోయి ఉండేది. అలా నేను 'ఎలక్ట్రిక్ లైన్‌లో' పెద్దమనిషినైపోయాను.

మా మేనత్త యాదమ్మ, ఆమె భర్త బాలయ్య మామ కూడా మా చాల్‌వాళ్లే. మామ మేస్త్రీ. బొంబాయిలో ఎంతమందికో ఇళ్లు కట్టి, తాను మాత్రం కాళ్లు చాపితే గోడ తగిలే ఖోలీలో కాలం గడిపాడు. చివరికి పాలమూరు జిల్లాలో తన ఊరికి వెళ్లి, చేను పక్కన తన కోసం ఒక ఇల్లు కట్టుకున్నాడు. మందపాటి మట్టి గోడలు, గాలి ఆడేలా ఎదురెదురు కిటికీలు. ఎండాకాలంలో కూడా ఫ్యాను వేయాలనిపించదు. వంటకు గోబర్ గ్యాస్. డాబా మీద సోలార్ పలకలు, లోపల ఇన్వర్టరూ బ్యాటరీలూ. కరెంటు స్తంభం నుంచి ఆ ఇంటికి తీగే లేదు. "సూర్యుడున్నంత కాలం నాకేం ఫికర్" అనేవాడు మామ. నాలాంటి మేనల్లుడు ఉన్నాడన్న సంగతి ఆయన లెక్కలోకి తీసుకోలేదు.

ఇక అత్త ప్రాణమంతా ఒక పెట్టె మీద ఉండేది. అది గుడ్లు పొదిగే మెషీన్. అందులో నాటుకోడి గుడ్లు పెట్టింది. పిల్లలు కాగానే తలా కొన్ని ఇస్తానని ఊళ్లో ఆడవాళ్లకు మాటిచ్చింది. "ఎండతోని గుడ్లు పొదుగుతదట, బొంబాయి యాదమ్మ!" అని వాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారట. కాబట్టి ఆ గుడ్లు పగలాలి. అదీ లోపలి నుంచి పగలాలి. లేకపోతే అత్త ఊళ్లో తలెత్తుకుని తిరగలేదు.

సరిగ్గా పిల్లలు బయటికొచ్చే సమయానికి మామ కంటి ఆపరేషన్ పడింది. ఆయన వెంట అత్త పట్నం వెళ్లక తప్పలేదు. ఇంటికి కాపలాగా, ఎలక్ట్రిక్ లైన్‌లో ఉన్నవాణ్ని కనుక, నన్ను రప్పించారు.

"అల్లుడా, నువ్వేం చెయ్యకు, చూస్తుండు చాలు" అంది అత్త, బస్సెక్కబోతూ. "మూత తియ్యకు. గుడ్లు ముట్టకు. పెట్టెకు కరెంటు మాత్రం ఆగొద్దు. గంతే."

"అత్తా, కరెంటు గురించి నాకు చెప్తున్నవా? నువ్వు టెన్షన్ తీస్కోకు."

మామ నన్ను ఎగాదిగా చూసి, "నాకు గదే టెన్షన్" అన్నాడు.

ఆ సాయంత్రమే మబ్బు పట్టింది.

ఇక్కడ మా చాల్ గురించి ఒక మాట చెప్పాలి. ముంబైలో వాన రాకముందే మేం ఇంటి కప్పుల మీద నీలం టార్పాలిన్ పరుస్తాం. దాన్ని మేం తాడ్‌పత్రి అంటాం. దాన్ని పరిచి, అంచులకు ఇటుకలు పెట్టి, తాళ్లతో బిగించి కట్టనివాణ్ని మా అమ్మ మనిషిగానే లెక్కపెట్టదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఉరుము వినిపిస్తే నా చేతులు వాటంతటవే తాడు కోసం వెతుకుతాయి. ఆ సాయంత్రం కూడా అవి నన్ను అడగలేదు. పైన ఖరీదైన అద్దాల పలకలు, వాటికింద వైర్లు. తడిస్తే ఇంకేమైనా ఉందా! కొట్టంలో పల్లికాయ కప్పడానికి మామ ఉంచిన తాడ్‌పత్రి దొరికింది. పైకెక్కి పలకలన్నిటినీ పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు కప్పి, గాలివానకు కూడా ఊడనట్టు ముడులు వేశాను.

కిందికి దిగేసరికి అమ్మ ఫోను.

"ఆడ వాన ఉన్నదా, నర్సింగా?"

"మబ్బు పట్టిందమ్మా."

"మరి మీద తాడ్‌పత్రి ఏసినవా?"

"ఏసి కట్టిన గూడ."

"శాబాష్! విన్నవా పోచన్నా, నా కొడుకు చెప్పకముందే కట్టిండట!"

పక్క ఖోలీ పోచన్న కాక గొంతు వినిపించింది. "ఎలక్ట్రిక్ లైన్ పోరడు గదా. ఆనికి సబ్ మాలూం."

మీకు ఈపాటికే అర్థమైపోయింది. మీరు ఎలక్ట్రిక్ లైన్‌లో లేరు కనుక అర్థమైంది. నాకు కాలేదు.

వాన నాలుగు చినుకులు రాల్చి వెళ్లిపోయింది. మర్నాడు ఎండ భగభగమంటూ కాసింది. నేను టీ తాగుతూ పెట్టె అద్దంలోంచి గుడ్లను చూస్తుంటే ఇన్వర్టర్ 'కీ' అంది. కాసేపాగి మళ్లీ 'కీ' అంది. ఎర్ర లైటు వెలిగింది. బ్యాటరీ అయిపోవచ్చిందని దాని అర్థం.

ముందు ఫ్రిజ్ ఆపాను. తర్వాత ఫ్యాను, టీవీ ఆపాను. ఫోను చార్జర్ కూడా పీకేశాను. బ్యాటరీల్లో నీళ్లు చూశాను, ఉన్నాయి. వైర్లన్నీ కదిపి చూశాను, గట్టిగానే ఉన్నాయి. డాబా ఎక్కి తాడ్‌పత్రి ఎత్తి చూశాను. లోపల ఒక్క చుక్క తడి లేదు. పలకలు పొడిగా, క్షేమంగా ఉన్నాయి. నా పనితనానికి నేనే మెచ్చుకుని, తాడు ఇంకాస్త బిగించి దిగొచ్చాను. ఈ వాక్యం రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

'కీ' 'కీ' మధ్య ఎడం తగ్గసాగింది. అమ్మకు వీడియో కాల్ చేశాను. చాల్ గదుల ముందుండే గ్యాలరీలో అమ్మ, పోచన్న కాక, వాళ్ల వెనక బట్టలారేస్తున్న ఆడవాళ్లు, అందరూ ఒక్క ఫోనులోకి తలలు దూర్చారు.

"కాకా, బ్యాటరీ దిగిపోతున్నది. ఎండ చూస్తే మస్తుగున్నది. ఎందుకైతున్నదో సమజ్ ఐతలే!"

"ఇన్వర్టర్‌కు ఒక్కటి గుద్దు. మా టీవీ గట్లనే సురూ ఐతది."

గుద్దాను. కీ మనడం ఆగింది.

"చూసినవా!" అన్నాడు కాక.

ఆగింది కీ మనడం ఒక్కటే కాదు, అంతా ఆగింది. ఇన్వర్టర్ మీది లైట్లు ఆరిపోయాయి. పెట్టె మీద వేడి చూపించే ఎర్ర అంకెలు ఆరిపోయాయి. లోపలి చిన్న ఫ్యాను తిరగడం మానేసింది. ఆ నిశ్శబ్దంలో నాకు ఒక శబ్దం వినిపించింది. చెవి పెట్టెకు ఆనించాను. లోపల, గుడ్డులోంచి, సన్నగా 'కిచ్' మని.

నిజం చెబుతున్నాను, అప్పటిదాకా అవి అత్త గుడ్లు. ఆ క్షణం నుంచి లోపల ఎవరో ఉన్నారు. అద్దంలోంచి చూస్తే ఒక గుడ్డుకు నెర్రె కూడా కనబడింది. ఆ పిల్ల లోపలి నుంచి తంటాలు పడుతోంది, బయట నేను దాని గూడు చల్లబరుస్తున్నాను. అత్త ముఖం, ఊరి ఆడవాళ్ల నవ్వు, అన్నీ ఒక్కసారి కళ్లముందు తిరిగాయి.

"అమ్మా, పిల్లలు అరుస్తున్నయ్! సస్తయ్ అమ్మా!"

"ఏడవకు రా! గోబర్ గ్యాస్ ఉన్నది గదా, నీళ్లు కాగబెట్టు. సీసలల్ల పోసి పెట్టె చుట్టూ పెట్టు. పైన బొంత కప్పు."

నీళ్లు కాచాను. సీసాల్లో పోస్తూ చెయ్యి కాల్చుకున్నాను. పెట్టె చుట్టూ సీసాలు పేర్చి, అత్త బొంత కప్పాను. అయినా అరచేయి ఆనిస్తే పెట్టె ఇందాకటి కన్నా చల్లగానే తగిలింది. నేను దాన్ని రెండు చేతులా కౌగిలించుకుని కూర్చున్నాను. గ్యాలరీలో ఎవరో నవ్వబోతే అమ్మ కసిరింది.

అప్పుడు కాకకు ఆలోచన వచ్చింది. "అరె బాబా, బయట అంత ఎండ ఉత్తగ పోతున్నది. పెట్టెను ఎండల పెట్టు!"

"అవు రా, డాబా మీదికి తీస్కపో" అంది అమ్మ. "మెల్లగ ఎక్కు. మల్ల ఆ తాడ్‌పత్రి కింద పెట్టేవు, ఆడ ఎండ తగలదు."

పెట్టె ఎత్తబోయిన నా చేతులు అక్కడే ఆగాయి.

"నర్సింగా" అంది అమ్మ, చాలా నెమ్మదిగా. "ఆ తాడ్‌పత్రి కింద ఏమున్నదిరా?"

నేను అప్పటికే మెట్ల మీద ఉన్నాను.

వెనక ఫోనులోంచి కాక గొంతు, "అరె దేవా! సూర్యుడికే పరదా కట్టిండు!"

పైకెళ్లి ముడి పట్టుకుంటే రాదే! చినుకులకు తడిసి, ఎండకు ఎండి, తాడు రాయిలా బిగుసుకుపోయింది. పైగా పొద్దున నేనే ఇంకాస్త బిగించానాయె. గోళ్లు విరిగాయి. పళ్లతో లాగాను. కింద పిల్లలు చల్లబడుతున్నాయన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది. చివరికి కిందికి దూకినంత పనిచేసి, కొడవలి తెచ్చి, తాళ్లన్నీ పరపరా కోసి తాడ్‌పత్రిని లాగి అవతల పారేశాను. పలకల మీద ఎండ పడి నా కళ్లు చెదిరాయి.

కిందికొచ్చి ఇన్వర్టర్ స్విచ్చి నొక్కాను. ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను. నేను మొక్కని దేవుడు లేడు. మూడోసారి నొక్కితే పెట్టె మీద ఎర్ర అంకెలు వెలిగాయి. చిన్న ఫ్యాను గర్రుమంది. నేను నేల మీద కూలబడి, గ్యాలరీ మొత్తం చూస్తుండగా, సిగ్గు లేకుండా ఏడ్చాను.

సాయంత్రానికి మొదటి పిల్ల బయటికొచ్చింది. ముద్దగా తడిసి, నన్ను చూసి అరిచింది. తిట్టిందనే అనుకుంటున్నాను. తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. కొన్ని గుడ్లు పగల్లేదు. వాటిని పెట్టెలోంచి తీసేయడానికి నాకు చేతులు రాలేదు.

మర్నాడు అత్తా మామా వచ్చారు. పిల్లలను చూసి అత్త ముఖం వెలిగిపోయింది. నేను నోరు విప్పకూడదని నిశ్చయించుకున్నాను. కాని మా చాల్‌లో ఒక విషయం గ్యాలరీ దాటకుండా ఆపడం ఎవరి తరం? మామను వసారాలో కూర్చోబెట్టి, అత్త నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి తలుపు మూసింది.

"సోలార్‌కు తాడ్‌పత్రి కప్పినవట?"

నేను కాళ్ల మీద పడబోయాను. "తప్పైందత్తా. పగలని గుడ్ల పాపం నాదే."

"లే, లే. కొన్ని ఎప్పుడూ పగలవు." అత్త కిటికీలోంచి వసారా వైపు చూసి గొంతు తగ్గించింది. "నేను నిరుడు గిదే పని చేసిన, అల్లుడా. ముప్పై ఏండ్లు చాల్‌ల ఉన్న చేతులాయె, మబ్బుపట్టిన మొగులు చూస్తే ఆగలే. నాకు ఒక్క పిల్ల గూడ దక్కలే. గుడ్లు అమ్మినోడు మురిగినయి ఇచ్చిండని మీ మామకు చెప్పిన. మీ మామ పోయి ఆని గల్లా పట్టిండు."

వసారాలోంచి మామ కేకేశాడు. "ఏందే, లోపల గుసగుసలు?"

"ఏం లేదయ్యా! ఈసారి మంచోని దగ్గర గుడ్లు కొన్నం అంటున్న!"

ఆ వంటింట్లో అత్త చేతిలో చెయ్యి వేసి రెండు ఒట్లు పెట్టాను. ఇక ఈ జన్మలో సూర్యుడికీ సోలార్ పలకకూ మధ్య చేతి రుమాలైనా రానివ్వనని ఒకటి. అత్త సంగతి ఎవరికీ చెప్పనని రెండోది. మొదటిది ఈనాటికీ తప్పలేదు. రెండోది ఇదిగో, మీ ముందే తప్పాను. ఇది మామ చదివితే ఆ గుడ్లవాడి కాళ్లు పట్టుకోవడానికి బయల్దేరతాడు, అత్త నా వీపు కోసం కామాటిపురాకు బయల్దేరుతుంది. కాబట్టి సూర్యుణ్ని సాక్షిగా పెట్టి మూడో ఒట్టు పెడుతున్నాను. ఇంకెప్పుడూ ఎవరి గుట్టూ అచ్చులో బయటపెట్టను. ఈ ఒక్కసారికి మీరు చదవలేదనుకోండి.