చేతి రక్తం, పైపు రక్తం

ఫిర్దోస్ అనంతపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రి ల్యాబులో పదకొండేళ్లుగా పనిచేస్తోంది. కోపిష్టి అని ఆమెకు పేరు. ఆ పేరులో సగం పై అంతస్తులోని డయాలసిస్ వార్డు పుణ్యమే.

కుందుర్పి నుంచి వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వచ్చే కుళ్ళాయప్పకు మెడ దగ్గర పైపు వేసి నాలుగు నెలలైంది. నెల రోజులుగా మెషీన్ పెట్టిన అరగంటకే చలిజ్వరం ముంచుకొస్తోంది. రక్తంలో క్రిములున్నాయేమో సీసాలో పెంచి చూడమని మూడుసార్లు ల్యాబుకి పంపారు. మూడుసార్లూ సీసాలో క్రిమి ఏదీ పెరగలేదు.

నాలుగోసారి కూడా ఒకే సీసా వచ్చింది. ఫిర్దోస్ దాన్ని పట్టుకుని విసవిసా మెట్లెక్కింది.

"ఇది పైపులోంచి తీసినారా, చేతిలోంచి తీసినారా?"

"ఏదైతే ఏముందిలే అక్కా, రక్తమే గదా," అన్నాడు నర్సు హర్ష.

"రెండూ కావాలప్పా! రెండిట్లో ఒకటే క్రిమి ఉండి, పైపులో ఎక్కువుంటేనే గదా పైపుదే తప్పని తెలిసేది. ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?"

మంచం మీద కుళ్ళాయప్ప వణుకుతున్నాడు. అతని భార్య బయమ్మ దుప్పటి కప్పుతోంది.

"జొరమొస్తే ఊర్లో ఏం చేస్తారమ్మా?" అడిగింది ఫిర్దోస్.

"మా ఊరి డాక్టరు సూది ఏస్తాడు. ఈ పొద్దు గూడా ఏయించుకొనే బస్సెక్కినాము."

ఫిర్దోస్ తల పట్టుకుంది. సూదిమందుకు క్రిములు చచ్చో, సొమ్మసిల్లో ఉంటే సీసాలో ఏం పెరుగుతుంది?

"ఈ మాట ముందే చెప్పాల గదమ్మా!"

"ఎవరడిగినారు తల్లీ?"

నిజమే, ఎవరూ అడగలేదు. ఆ మూడు రిపోర్టుల మీదా ఉన్నది ఫిర్దోస్ సంతకమే.

ఆమె నేరుగా డయాలసిస్ వార్డు చూసే డాక్టర్ విజయభాస్కర్ గదిలోకి వెళ్లింది. చచ్చిన క్రిమి పెరగకపోయినా దాని జన్యువుల ఆనవాళ్లు రక్తంలో దొరుకుతాయని, బెంగళూరులో ఆ పరీక్ష చేస్తారని చెప్పింది. ఆయన సరేనని, నమూనాలు తీయగానే మందు మొదలుపెడతానన్నాడు. పైపు నుంచి ఒకటి, చేతి నుంచి ఒకటి, రెండు నమూనాలూ ఫిర్దోస్ దగ్గరుండి తీయించింది. ఫారం మీద డాక్టరు సంతకం లేదని బెంగళూరు వాళ్లు ఒక రోజు ఆపారు. ఫోనులో ఆమె అరుపులకు ల్యాబంతా తిరిగి చూసింది.

నాలుగో రోజు ఫలితం వచ్చింది. చర్మం మీద మామూలుగా ఉండే క్రిమి ఒకటి రెండు నమూనాల్లోనూ ఉంది. రెండిటి జన్యువుల ఆనవాళ్లూ ఒకదానితో ఒకటి సరిపోయాయి. పైపు రక్తంలో మరీ ఎక్కువ. ఆ పైపు తీసేసి మెడకు రెండోవైపు కొత్తది వేశారు. ఆ తర్వాత మూడు డయాలసిస్‌లు వణుకు లేకుండా గడిచాయి.

"ఇది ముందే చేసింటే నెల్నాళ్లు ఈ బాధ తప్పేది గదమ్మా?" అన్నాడు కుళ్ళాయప్ప.

"తప్పేదన్నా. సూది సంగతి నేనూ అడగలేదు."

అతను ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"ఇంగ ఆ సూది ఏయించనీనులే," అంది బయమ్మ.