నేను వదిలేసిన పేరు

నా చిన్నప్పుడు నా దస్తూరి చూసి మురిసిపోని పెద్దవాళ్ళు లేరు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఆ మురిపెమే నా కొంప ముంచింది. ఇప్పుడు సింగపూర్‌లో, టాంపినీస్‌లో కూతురి దగ్గర ఉంటున్నాను గానీ, నేను పుట్టింది మలేషియాలో, రబ్బరు తోటల్లో. అమ్మా నాన్నా తెల్లవారకముందే చెట్లకు గాట్లు పెట్టి పాలు తీయడానికి వెళ్ళిపోయేవారు. అందుకని నన్ను మా అమ్మమ్మ దగ్గర ఉంచారు.

తోట దాటాక అడవి అంచున ఉన్న ఒక హాస్టల్ బడిలో అమ్మమ్మ వంట చేసేది. అక్కడ ఉండేవాళ్ళంతా అడవి బిడ్డలు. మేమూ, తోటలూ, తెల్లదొరలూ రాకముందు నుంచీ ఆ నేల మీద బతుకుతున్నవాళ్ళ పిల్లలు. చదువు చెప్పిస్తామని ఏటి ఎగువ ఊళ్ళ నుంచి లారీలో తెచ్చేవారు. దిగగానే జుట్టు కత్తిరించి, గౌన్లూ నిక్కర్లూ తొడిగి, రిజిస్టర్లో పేరు ఎక్కించేవారు. వాళ్ళ భాషలో మాట్లాడుకుంటే వార్డెన్ బెత్తం తీసేవాడు. ఒక్క వంటింట్లోనే ఎవరి భాష వాళ్ళు మాట్లాడుకోవచ్చు.

అమ్మమ్మకు చదువు రాదు. బియ్యం కొలిచేటప్పుడు మనవాళ్ళు ఒకటి అనకుండా లాభం అంటారు కదా. ఆవిడా మొదటి గుప్పెడు లాభం అని పోసి, ఆ తర్వాత అంకెలకు బదులు పిల్లల పేర్లు చెప్పేది. పేరుకొక గుప్పెడు. అంకెలైతే ఇరవై దాటాక తడబడతాను, పేర్లైతే తడబడనని ఆవిడ ధీమా. రోజూ వినీ వినీ ఆ వరస నాకూ నోటికి వచ్చేసింది.

ఆ పిల్లల్లో నా ఈడుది ఒకతె ఉండేది. మాట తక్కువ. నేను గిన్నెలు తోముతుంటే వచ్చి పక్కన చతికిలబడేది. ఆకు మడిచి ఈల వేయడం నాకు నేర్పింది ఆమే. ఒక వానాకాలం ఆమెకు జ్వరం పట్టుకుంది. మూడో నాడు దుప్పట్లో చుట్టి జీపులో ఆసుపత్రికి తీసుకుపోయారు. మళ్ళీ తీసుకురాలేదు. ఏమైందని అమ్మమ్మ అడిగితే, నీ పని వంట, వంట చూసుకో అన్నాడట వార్డెన్. అమ్మమ్మ మాత్రం ఆ పిల్ల గుప్పెడు పోయడం మానలేదు. రోజూ అన్నం మిగులుతోందని చీవాట్లు తిని కూడా మానలేదు. వస్తాదేమో, వస్తే ఆకలితో వస్తాది అనేది.

ఆ నెలలోనే పై అధికారి తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. వార్డెన్‌కు కంగారు. రిజిస్టర్ నిండా సిరా మరకలు, కొట్టివేతలు. నేను చదివే తోట బడి పంతులు నా దస్తూరి సంగతి ఆయన చెవిన వేశాడు కాబోలు, నన్ను పిలిచి కొత్త పుస్తకం ఇచ్చి తిరగరాయమన్నాడు. ఎర్ర గీత పడిన పేర్లు వదిలేయమన్నాడు. అవి మూడే. ఇద్దరు మగపిల్లలు అడవిలోకి పారిపోయి ఇళ్ళకు చేరినవాళ్ళు. మూడో పేరు ఆమెది. చదివాను. తెలిసే వదిలేశాను. అక్షరాలు వరస తప్పకుండా, గుండ్రంగా రావాలన్నదే నా బెంగ. ఆయన నాకు బిస్కెట్ల డబ్బా ఇచ్చాడు. పాత పుస్తకాన్ని చిత్తు కాగితాలతో కలిపి వంటింటికి పంపాడు. అందులో ఏముందో తెలియక అమ్మమ్మ దాన్ని పొయ్యి రాజేయడానికి వాడేసింది.

వానలు తగ్గాక ఆ పిల్ల తండ్రి వచ్చాడు. రెండు రోజులు నడిచి వచ్చాడట. సెలవులకు అందరి పిల్లలూ వచ్చారు, నా కూతురేది అని అడిగాడు. వార్డెన్ కొత్త పుస్తకం తెరిచి, మొదటి పేరు నుంచి చివరి పేరు దాకా వేలు పెట్టి చదివి, ఆ పేరుగల పిల్ల ఇక్కడికి రాలేదన్నాడు. ఆ తండ్రికి చదువు రాదు. పుస్తకం వంక చూస్తూ నిలబడ్డాడు. నా చేతులతో నేనే లారీ ఎక్కించాను, ఇక్కడికి రాకపోతే నా బిడ్డను ఎక్కడికి పంపాను నేను అని, ఎవర్నీ కాక తనను తానే ప్రశ్నించుకున్నాడు.

గుమ్మం దగ్గర నిలబడి విన్న అమ్మమ్మ, ఆ పుస్తకం ఎవులు రాసినారని నన్ను అడిగింది. నేనేనన్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. వెళ్ళి ఆ తండ్రి చెయ్యి పట్టుకుని వంటింట్లోకి తీసుకొచ్చి పీట వేసి కూర్చోబెట్టింది. బియ్యం డబ్బా నా ముందుకు జరిపింది.

"ఒలే, రాసినది నువ్వే గదా. ఇప్పుడు నువ్వే కొలవాల. పేరు పేరునా సెప్పి కొలవాల. ఒక్కటీ ఒగ్గీకు."

లాభం అని మొదలుపెట్టాను. ఒక్కో పేరూ చెప్పి ఒక్కో గుప్పెడు పోస్తున్నాను. ఆమె వంతు వచ్చింది.

"బుంగా," అన్నాను.

ఆయన దిగ్గున లేచి నా మణికట్టు పట్టుకున్నాడు. గుప్పిట విప్పించి, ఆ బియ్యం గింజ పోకుండా తన పంచె కొంగులో మూటగట్టుకున్నాడు. వచ్చింది కదా, ఇక్కడ తిన్నది కదా అని అమ్మమ్మను పదే పదే అడిగాడు. అమ్మమ్మ జ్వరం సంగతి, దుప్పటి సంగతి, జీపు సంగతి తనకు వచ్చిన మలయ్‌లో చెప్పింది. ఎక్కడ పాతిపెట్టారు అని అడిగాడు. అది ఆవిడకు ఎవరూ చెప్పలేదు. ఇద్దరూ ఏడ్చారు. ఆ వారం తిరక్కుండానే అమ్మమ్మ పని పోయింది. ఇంటికి నడిచి వస్తుంటే, సెప్పినోడిది తప్పే గానీ రాసిన సెయ్యి నీదే గదే గుంటా అంది.

పోయిన నెల నాకు మలేషియా నుంచి ఫోన్ వచ్చింది. బుంగా తమ్ముడి మనవరాలట. చదువుకున్న పిల్ల. అలాంటి హాస్టళ్ళకు వెళ్ళి తిరిగిరాని తమ పిల్లల పేర్లు వెతుకుతోంది. అప్పటి వంటమనిషి మనవరాలు సింగపూర్‌లో ఉందని ఎవరో చెప్పారట. ఎన్నో ఆఫీసులు తిరిగితే ఒకే ఒక్క రిజిస్టర్ దొరికిందనీ, అందులో బుంగా అవ్వ పేరు లేదనీ చెప్పి ఫొటో పంపింది. మా మనవరాలు ఫోన్‌లో దాన్ని పెద్దది చేసి చూపించింది. రాసిందెవరో దానికేం తెలుసు? ఇక్కడి యాసలో మాట చివర లా తగిలించి మెచ్చుకుంది.

"సో నీట్ లా, అమ్మమ్మా. ఒక్క మిస్టేక్ కూడా లేదు."

చాలాసేపటికి ఆ ఫొటో పంపిన అమ్మాయికి ఫోన్ చేసి, ఆ పుస్తకం రాసింది నేనేనని చెప్పాను. మీకు తెలిసిందంతా కాగితం మీద రాసి సంతకం చేసి ఇస్తారా అని మెల్లగా అడిగింది. ఇచ్చాను. ఎక్కడ పాతిపెట్టారని వాళ్ళ ముత్తాత అడిగినట్టే తనూ అడిగింది. తెలియదని చెప్పాల్సి వచ్చింది. ఆ పిల్ల అక్కడ ఉండేదని చెప్పడానికి ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్నే. లేదని రాసిందీ నేనే.